చేతికి తెలియని చెయ్యి

నిప్పుకి నేనంటే భయం. కోతలు కోస్తున్నానని అనుకోకండి, మా వీధి వీధంతా కళ్ళారా చూసిన సంగతి. బొగ్గుల ఇస్త్రీ పెట్టెలోంచి కణిక జారి బల్ల మీద పడితే పక్క కొట్టువాళ్ళు పట్టకారు ఏదంటూ, నీళ్ళేవంటూ గంతులు వేసేవాళ్ళు. నేను మాత్రం చెబుతున్న కథ ఆపకుండానే దాన్ని రెండు వేళ్ళతో మొగ్గలా పైకి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఎదురుగా నిలబడ్డ పోస్టుమాన్ నోట్లోని సిగరెట్ ముట్టించి, మళ్ళీ పెట్టెలో పడేసేవాణ్ణి. "చురుక్కుమనలేదా మేస్త్రీ?" అని అతను నోరు తెరిస్తే సిగరెట్ కింద పడేది. "చురుక్కుమనడానికి దానికి ధైర్యం ఉండొద్దూ?" అనేవాణ్ణి. ఒక ఎండాకాలం ఎంత మండిందంటే, బొగ్గులు రాజెయ్యడమే మానేసి, చొక్కాని గుమ్మం బయటికి చాచి ఈ వైపు ఒకసారి ఆ వైపు ఒకసారి వీధికి చూపించి మడత పెట్టేసేవాణ్ణి. కాలరు కింద మాత్రం ముడత ఉండిపోయేది, ఎండకి మెడ వంచి చూసే అలవాటు లేదు కనక. సరే, అది కోత. నిప్పు కణిక మాత్రం నిజం. ఆ కణికని తీసిన వేళ్ళే ఇప్పుడు ఆవిడ చేతి కింద ఉన్నాయి. ఆవిడ చెయ్యి వాటి మీద ఉందని నా కళ్ళు చెబుతున్నాయి. వేళ్ళు ఏమీ చెప్పడం లేదు.

ఆవిడ అంటే మా ఇంటిది. నిన్న పొద్దున మడత పెట్టిన బట్టల దొంతర మీదికి మెల్లిగా ఒరిగి, నా వైపు చూసి ఏదో అనబోయి, అనకుండానే ఆగిపోయింది. తల లోపల రక్తనాళం చిట్లిందట. ఇప్పుడీ ఆసుపత్రి గదిలో, ఎత్తైన ఇనప మంచం మీద, ముక్కుకి గొట్టంతో, ఎవరితోనో అలిగి పడుకున్నట్టు పడుకుంది. తలాపున పెట్టెలో ఆకుపచ్చ గీత కొండలెక్కుతూ దిగుతూ పోతోంది. కిటికీ బయట మోటారు ఏదో ఆగకుండా గొణుగుతోంది. మధ్యాహ్నం భోజనాల వేళ, వరండాలో చప్పుడు తక్కువ. ఇందాక నర్సు పిల్ల వచ్చి, స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టి, ఆవిడ చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. "తాతగారూ, మా గొంతుకి ఆవిడ పలకడం లేదు. మీ గొంతయితే అలవాటు కదా. ఇలా పట్టుకుని మాట్లాడుతూ ఉండండి. మధ్యమధ్యలో నా చెయ్యి నొక్కు అని అడగండి. నొక్కితే వెంటనే నన్ను పిలవండి. పెద్ద డాక్టరు గారు గంటలో వస్తారు. నొక్కారంటే లోపల వినిపిస్తోందని అర్థం, అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారు." నొక్కకపోతే ఏమిటని నేను అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. అలాగేనమ్మా అన్నాను. అలాగేనమ్మా అనడానికి నాలుక చాలు, అది బాగానే ఉంది. అమ్మా, నా చేతులకి స్పర్శ లేదు, నువ్వు గుడ్డివాణ్ణి కాపలా పెట్టి పోతున్నావు అని ఆ పిల్లకి చెప్పాల్సింది. చెబితే ఈ చెయ్యి పట్టుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెడతారు. మా అమ్మాయి రైల్లో ఉంది, సాయంత్రానికి గాని రాదు. అంతవరకూ ఈ చెయ్యి నాది.

నిప్పుకి నేనంటే భయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, నవ్వుకోండి ఫరవాలేదు. నిప్పు అందరినీ కాల్చినట్టే నన్నూ కాల్చింది. చర్మం ఉడికింది, బొబ్బ లేచింది, చితికింది. కాలుతోందని కబురు మోసే తీగలే లేవు. నేను వీరుణ్ణనుకుని వీధిలో మీసం మెలేసుకుంటున్న ఆ రోజుల్లోనే నా వేళ్ళు ఒకటొకటిగా చచ్చిపోతూ ఉన్నాయన్నమాట. పట్టుబడింది కూడా కథ చెబుతుండగానే. అప్పటికి కరెంటు ఇస్త్రీ పెట్టె వచ్చింది. ముక్కుకి మాడు వాసన తగిలింది. బల్ల మీద చొక్కా ఎత్తి చూశాను, తెల్లగానే ఉంది. పక్క కొట్టు వైపు మెడ చాచి "ఏవయ్యా, పాలు పొంగినట్టున్నాయి చూడు" అని కేకేశాను. అవతల గోడ దగ్గర బట్టలకి గుర్తు చీటీలు గుచ్చుతున్న ఆవిడ తలెత్తి చూసి ఒక్క అంగలో వచ్చి నా మణికట్టు పట్టి లాగింది. "కాలుతున్నది చొక్కా కాదయ్యా, నువ్వు!" చిటికెన వేలు ఇస్త్రీ పెట్టె అంచుకి ఆనుకుని ఎంతసేపటి నుంచి ఉందో. దాన్ని తీసుకెళ్ళి నీళ్ళు చిలకరించే చెంబులో ముంచింది. వేలు నాదే, కానీ బాధపడింది ఆవిడ; కళ్ళలో నీళ్ళు తిరిగింది ఆవిడకి. నేను ఆ చెంబు వైపు చూస్తూ, నిప్పు ఇవాళ నా మీద పగ తీర్చుకుందని ఏదో వేళాకోళం ఆడాను. ఆవిడ నవ్వలేదు. మర్నాడు పెట్టె ప్లగ్గు పీకేసి, కొట్టుకి తాళం వేసి, నన్ను నరాల డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

ఆ డాక్టరమ్మ చిన్నది, నవ్వు మొహం. పుల్లకి అంటించిన సన్నటి ప్లాస్టిక్ దారం ముక్క ఒకటి చేత్తో పట్టుకుని "కళ్ళు మూసుకోండి తాతగారూ, పాదానికి తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పండి" అంది. పరీక్షలంటే నాకు ఊళ్ళో బడి నుంచీ అనుభవమే; ప్రశ్న అర్థం కాకపోయినా మేష్టారి ఊపిరిని బట్టి జవాబు చెప్పేవాణ్ణి. కళ్ళు మూసుకుని, తాళం పట్టుకుని మొదలెట్టాను. తగిలింది. తగిలింది. ఆఁ, తగిలింది. ఇదిగో ఇప్పుడు గట్టిగా తగిలింది. పక్కనుంచి మా ఇంటిది ఫక్కున నవ్వింది. "ఇంకా ముట్టుకోనే లేదయ్యా! డాక్టరమ్మ కళ్ళజోడు వెతుక్కుంటోంది." ఆ నవ్వు, చెంగు అడ్డం పెట్టుకున్నా చెంగుని తోసుకుని బయటికొచ్చే ఆ నవ్వు, ఈ గదిలో ఎక్కడైనా మిగిలుందా అని చూస్తున్నాను. తర్వాత ఇనప కడ్డీ ఒకటి, చిన్న పంగలకర్రలాంటిది, టింగుమని మోగించి నా బొటనవేలి ఎముక మీద ఆనించింది డాక్టరమ్మ. జివ్వుమంటోందా? లేదు. చీలమండ మీద? లేదు. పిక్క పైన? మోకాలి దగ్గరికొచ్చాక ఎక్కడో దూరాన తేనెటీగ వాలినట్టనిపించింది. "నాకూ ఒకసారి పెట్టమ్మా" అని మా ఇంటిది తన కాలు చాపింది. పెట్టగానే కాలు వెనక్కి లాక్కుని "అమ్మో, చక్కిలిగింతలు!" అంది. ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ కాలికి లోకం అంతా తగులుతోంది, నా కాలు లోకంలో లేదు.

వెన్నులోంచి కాలి వేలి కొస దాకా ఒక్కటే తీగట. ఒంట్లో అంత పొడుగు తీగ ఇంకోటి లేదు. చక్కెర జబ్బుని పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే ఆ తీగలు కొసల నుంచి పాడవుతూ వస్తాయట, పొడుగువి ముందు. అందుకని మొదట పాదాలు పోయి, ఆ మొద్దుబారడం మోకాళ్ళ దాకా పాకేసరికి చేతివేళ్ళ వంతు వస్తుంది. నాకు బాగానే అర్థమైంది. పాత ఇస్త్రీ పెట్టెలకి వైరు మీద గుడ్డ తొడుగు ఉండేది; అది పెట్టెలోకి దూరే చోట అరిగి అరిగి చిరిగేది. "అయితే కొత్త వైరు వేసెయ్యండి తల్లీ" అన్నాను. "అది మా దగ్గర దొరకదు తాతగారూ. ఉన్నది ఇంకా పాడవకుండా చూసుకోవడమే" అంది. అలాగైతే స్పర్శ లేని కాళ్ళు రాత్రయ్యేసరికి కుంపట్లో పెట్టినట్టు ఎందుకు మండుతున్నాయి, దుప్పటి అంచు తగిలితే ముళ్ళకంప లాగినట్టు ఎందుకుంటోంది అని అడిగాను. తొడుగు చిరిగిన తీగలు లేనిపోని కబుర్లు పంపిస్తాయంది. నిప్పు లేకపోయినా నిప్పని, ముల్లు లేకపోయినా ముల్లని. "కోతలన్నమాట! అయితే ఇవి నా తీగలే, అనుమానం లేదు" అన్నాను. ఆ మంట తగ్గడానికి మాత్ర రాసింది, ఒంట్లో విటమిను తక్కువుందేమో చూడమని రక్తం తీయించింది, చక్కెర అదుపులో పెట్టకపోతే ఏ మాత్రా పనిచెయ్యదని గట్టిగా చెప్పింది. తర్వాత నన్ను వదిలేసి మా ఇంటిదాని వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. వాకిట్లోకైనా చెప్పుల్లేకుండా వెళ్ళనివ్వొద్దు. చెప్పులో కాలు పెట్టేముందు దులిపి, లోపల చూడాలి. స్నానం నీళ్ళు ఈయన చూసుకోకూడదు, మీరు చూసి పొయ్యండి. ఇస్త్రీ వేడి చేత్తో చూడనివ్వొద్దు. అక్కడ అడ్డం వచ్చాను: "చేత్తో ఎవరు చూస్తారు తల్లీ, మేం బుగ్గతో చూస్తాం." పెట్టెని మొహం దగ్గరికి తెచ్చి బుగ్గకి జానెడు దూరంలో పట్టుకుంటే, పట్టుకి పనికొచ్చే వేడా, ముతక గుడ్డకి పనికొచ్చే వేడా తెలిసిపోతుంది. మా పనిలో అందరూ అంతే. డాక్టరమ్మ "బుగ్గకైతే ఫరవాలేదు, తీగ చాలా పొట్టి" అంది.

అప్పటి నుంచి నా కాళ్ళు ఆవిడవి. రోజూ సాయంత్రం కొట్టు కట్టేశాక చిన్న పీట వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నా పాదం తీసి ఒళ్ళో పెట్టుకునేది. అరికాలి కింద అద్దం పట్టి, వేలికీ వేలికీ మధ్య విడదీసి, గోటి మూలలు చూసి, పొడి గుడ్డతో తుడిచి, పగుళ్ళకి నూనె రాసేది. మాట్లాడుతూనే ఉండేది, నాతో కాదు, వేళ్ళతో. బొటనవేలు పెద్ద బావగారు, దాని పక్కది ఆడపడుచు, పొడుగ్గా ఉండి అన్నిట్లోనూ ముందు దూరుతుంది కనక. చివరిది చిన్న మరదలు. "పెద్ద బావగారికి ఇవాళ ఒంట్లో బాగానే ఉంది. చిన్న మరదలు మూతి ముడుచుకుంది, ఎవరేమన్నారో. ఏమ్మా, చెప్పు ఇరుకైందా?" నా కాలి మీద జరుగుతున్న ఈ సంసారంలో నాకు భాగం లేదు. నేను ఆవిడ మొహం చూస్తూ కూర్చునేవాణ్ణి. పుండు పడిందా, పొక్కు లేచిందా, అంతా ఆ మొహం మీదే చదువుకోవాలి. ఒకరోజు నేను బయటి నుంచి వచ్చి నడిచినంత మేరా నేల మీద ఎర్రటి మచ్చలు పడ్డాయి. ఎవరో రంగు తొక్కారన్నాను. ఆవిడ ఆ మచ్చల వెంట వంగి వంగి నా దాకా వచ్చి, నా చెప్పు విప్పి తిరగేసింది. గుర్తు చీటీలకి గుచ్చే గుండుసూది, తల దాకా దిగిపోయి ఉంది. పొద్దుట నుంచీ దాన్నేసుకుని ఊరంతా తిరిగొచ్చాను. నన్ను తిట్టలేదు. చెప్పు చేత్తో పట్టుకుని దాన్ని తిట్టింది, సూదిని తిట్టింది, సూదులు అమ్మినవాణ్ణి తిట్టింది. ఆ పూట పాదం ఒళ్ళో పెట్టుకుని వేళ్ళెవరినీ పలకరించలేదు.

ఈ దుప్పటి ఇస్త్రీ చేసినవాడు తొందరలో ఉన్నాడు. పెద్ద యంత్రంలో దూర్చి లాగేసి ఉంటాడు, మధ్యలో రెండు ముడతలు అలాగే ఉండిపోయాయి, అంచు వంకర పోయింది. ఆవిడ చూస్తే ఊరుకోదు. చేత్తో సర్దబోయాను, ముడత ఎక్కడుందో చేతికి తెలియక కళ్ళు దగ్గరగా పెట్టి చూడాల్సొచ్చింది. అంతలో భయమేసింది. ఈ క్షణంలో నొక్కిందేమో, దుప్పటి చూస్తూ కూర్చున్నానేమో. మళ్ళీ చేతుల వైపు తిరిగాను. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. ఆవిడ వేళ్ళు నా వేళ్ళ మీద. అదిగో, చూపుడు వేలు కదిలింది. కదిలిందా? నా చెయ్యి ఈ మధ్య దానంతటదే వణుకుతుంది, దాని మీదున్నది కూడా దానితోపాటే కదులుతుంది. ఊపిరి బిగబట్టాను. వణుకు ఆగలేదు. ఊపిరికీ దానికీ సంబంధం లేదు కాబోలు. ఏమే, వింటున్నావా? ఒక్కసారి నొక్కు. గట్టిగా నొక్కు, మెల్లిగా నొక్కితే నాకు తెలియదు, నీకు తెలుసుగా. గట్టిగా నొక్కినా తెలియదనుకో. అయినా నొక్కు, వేలు తెల్లబడితే కళ్ళతో చూస్తాను.

ఇలా కాదు. ఆవిడని కదిలించడానికి నాకు తెలిసిన దారి ఒకటే. నేను కోత కోస్తే ఆవిడ ఊరుకోదు. ఎంతమందిలో ఉన్నా, నోట్లో సూదులు పెట్టుకుని ఉన్నా సరే, తీసేసి మరీ దిద్దుతుంది. అందుకని మొదలుపెట్టాను. "ఏమే, మన పెళ్ళి సంగతి అమ్మాయికి చెప్పాలి. నేను వద్దు మొర్రో అంటుంటే మీ అన్నయ్య నా గడ్డం పట్టుకుని బతిమాలాడు కదా." ఏమీ లేదు. వాళ్ళ అన్నయ్య దర్జీ. కుట్టిన చొక్కాలు ఇస్త్రీకి నా దగ్గరికి పంపేవాడు. గుండీలు కుట్టేది ఈవిడ. నా దగ్గరికొచ్చిన చొక్కాలకి గుండీలు ఊడిపోయేవి, నేను స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి, కుట్టేదాకా గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పేవాణ్ణి. "గుండీలు వాటంతటవే ఊడేవి కదే. ఇస్త్రీ వేడికి దారం మెత్తబడేది." దీనికి మాత్రం ఇన్నేళ్ళలో ఏనాడూ ఊరుకోలేదు. దారం బ్లేడుతో కోసినట్టు తెగి ఉండేదయ్యా, మా అన్నయ్య నీ కొట్టు మార్చేద్దామన్నాడు, నేనే వద్దన్నాను అనేది. ఆ చివరి మాట అనేటప్పుడు గొంతు తగ్గించేది. "వాటంతటవే ఊడేవి. ఒట్టు." ఆకుపచ్చ గీత కొండెక్కింది, దిగింది. ఇంకా పెద్దవి చెప్పాను. కాపురానికొచ్చిన కొత్తలో నీకు వంట రాదు, నేనే నేర్పించానన్నాను. అమ్మాయి పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేనేనన్నాను. ఆవిడ మొహం అంత పెద్ద అబద్ధాన్ని విని కూడా ప్రశాంతంగా ఉంది. నా మాట మొత్తంగా నమ్మేసినట్టు ఉంది. అలాంటి మొహం నేనెప్పుడూ చూడలేదు, నాకు ఏడుపొచ్చింది.

పెద్ద దుప్పట్లు మడత పెట్టడం ఒక్కరి వల్ల కాదు. చెరో కొసా రెండు చేతులా పట్టుకుని, వెనక్కి జరిగి, గట్టిగా లాగి, దులిపి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి ఆవిడ తన కొసలు నా చేతిలో పెట్టేది. కింద వేలాడే మడత అందుకుని మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. దుప్పటి చిన్నదవుతున్న కొద్దీ దగ్గరవుతాం. ఆఖరి మడతకి మోకాళ్ళు తగిలేటంత దగ్గర. కొట్టు నిండా జనం ఉన్నా ఎవరూ ఏమీ అనడానికి లేదు, పని. మొదటి రోజుల్లో ఆ కొసలు అందుకునే చోట వేళ్ళు కొంచెం ఎక్కువసేపు ఆగేవి. తడి బట్టలు పిండి పిండి ఆవిడ వేళ్ళ కొసలు చల్లగా, ముడతలు పడి ఉండేవి. అరచెయ్యి మాత్రం వెచ్చగా ఉండేది. ఇది నా మనసు చెబుతోంది, చెయ్యి మరిచిపోయింది. తర్వాత తర్వాత దుప్పటి నా చేతిలోంచి జారిపోవడం మొదలైంది. ఆవిడ ఇచ్చిందని నాకు తెలిసేది కాదు, నేను పట్టుకున్నాననుకుని ఆవిడ వదిలేసేది, తెల్లటి దుప్పటి మా ఇద్దరి మధ్యా నేల మీద పడేది. దాన్ని మళ్ళీ ఉతకాల్సొచ్చేది. ఆవిడ విసుక్కోలేదు. ఒకరోజు నుంచి నోటితో చెప్పడం మొదలుపెట్టింది. "ఇచ్చానయ్యా, పట్టుకో." నేను కళ్ళతో చూసుకుని, వేళ్ళు మడిచి, "పట్టుకున్నా" అనేవాణ్ణి. అప్పుడు వదిలేది. ఇచ్చాను, పట్టుకో. పట్టుకున్నా. కొట్టుకొచ్చినవాళ్ళు ఇదేదో ముసలాళ్ళ సరసం అనుకుని నవ్వేవాళ్ళు.

తలుపు కొంచెం తెరుచుకుని నర్సు పిల్ల తల కనిపించింది. "ఏమైనా నొక్కారా తాతగారూ?"

"ఇంకా లేదమ్మా."

ఇంకా లేదు అన్న మాట ఎంత సులువుగా వచ్చిందో. నాకేం తెలుసు లేదని? నొక్కిందని చెప్పినా అంతే సులువుగా వచ్చేది. నిప్పుని మొగ్గలా తీశానని చెప్పినవాణ్ణి, ఎండతో ఇస్త్రీ చేశానని చెప్పినవాణ్ణి, నా భార్య నా చెయ్యి నొక్కిందని చెప్పలేనా? చెబితే నమ్ముతారు. నమ్మితే తల మీద జుట్టు గీసి, కపాలం తెరుస్తారు. ఆ జుట్టు, ఇంత వయసొచ్చినా తెల్లబడకుండా నిలబడ్డ జుట్టు. లోపల ఆవిడ లేకపోతే ఖాళీ ఇంటి తలుపు బద్దలు కొట్టించినట్టు. లోపల ఉండి, నొక్కి, నొక్కి, వీడికి తెలియడం లేదేమిటి దేవుడా అని విసిగిపోయి ఊరుకుందేమో, అప్పుడు నొక్కలేదని చెబితే ఇంట్లో మనిషుండగా బయట తాళం వేసినట్టు. ఎటు చెప్పినా కోతే. జీవితంలో మొదటిసారి నిజం చెప్పాలనుంది, అదేమిటో నాకు తెలియదు.

పెద్ద డాక్టరు వచ్చాడు. నెరిసిన కనుబొమలు, మాట తక్కువ మనిషి. ఆవిడ కళ్ళు విప్పి లైటు వేసి చూశాడు, కనుబొమ మీద నొక్కాడు, కాగితం మీద ఏదో రాశాడు. "చెయ్యి నొక్కారా?" అని నన్ను అడిగాడు. నర్సు పిల్ల కూడా నా వైపే చూస్తోంది. నాలుక మీద కోత తయారుగా ఉంది, దాన్ని మింగాను.

"నాకు తెలియదు డాక్టరు గారూ. నొక్కి ఉండొచ్చు. నొక్కకపోయి ఉండొచ్చు. నా చేతులకి స్పర్శ లేదు. చక్కెర జబ్బు."

"మరి ఇందాకే చెప్పొచ్చు కదా తాతగారూ" అంది నర్సు పిల్ల. కోపంగా అనలేదు.

"చెబితే చెయ్యి తీసేసుకుంటారనుకున్నానమ్మా."

డాక్టరు ఇంకో స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుని, ఆవిడ చెయ్యి మెల్లిగా నా చేతిలోంచి తన చేతిలోకి తీసుకున్నాడు. "మీరు మాట్లాడండి. నేను పట్టుకుంటాను" అన్నాడు. నా గొంతు, ఆయన చెయ్యి. "ఏమే" అన్నాను. "ఇదిగో, డాక్టరు గారు నా బదులు పట్టుకున్నారు. ఒక్కసారి నొక్కవే. గుండీలు నేనే కోశాను. బ్లేడుతోనే. నువ్వన్నదే నిజం. నొక్కవే." ఆవిడ చెయ్యి వైపు నేను చూడలేదు. డాక్టరు మొహం చూశాను. నా పాదాల సంగతి ఆవిడ మొహంలో చదువుకోవడం అలవాటైనవాణ్ణి, ఆయన మొహంలోనూ చదువుకోగలను. పనున్న మనిషి ఆగాల్సిన దానికంటే ఎక్కువసేపే ఆగాడు. రెండో చేత్తో కూడా పట్టుకుని చూశాడు. మళ్ళీ అడగమన్నాడు, అడిగాను. ఆ మొహంలో ఏమీ మారలేదు. లేచి, చెయ్యి తెచ్చి నా చేతిలోనే పెట్టి, నా వేళ్ళు ఆయనే దాని చుట్టూ మడిచాడు. "ఆపరేషన్ వల్ల ఆవిడకి శ్రమే తప్ప మేలు ఉండదు. మీ అమ్మాయి వచ్చేదాకా పక్కనే ఉండండి" అన్నాడు. నర్సు పిల్ల దుప్పటి అంచు సరిచేసి ఆయన వెనకే వెళ్ళింది. దుప్పటి ముడత అలాగే ఉంది.

అప్పుడు ఆవిడ చెయ్యి ఎత్తి నా బుగ్గకి ఆనించుకున్నాను. ముందే ఎందుకు తోచలేదో. ఇన్నేళ్ళూ ఇనుముని తెచ్చుకున్నాను ఈ బుగ్గ దగ్గరికి, మనిషి చేతిని తెచ్చుకోవాలని తోచలేదు. అబ్బ. చెయ్యి! బరువుగా, కొంచెం తడిగా, మధ్యలో వెచ్చగా, కొసల్లో చల్లగా. సూదులు గుచ్చి గుచ్చి గట్టిపడ్డ బొటనవేలి కొస నా చెంప ఎముక మీద గరుగ్గా తగిలింది. అన్నీ ఉన్నాయి, నా చేతులకి తెలియకుండా ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడికీ పోలేదు. పెట్టె వేడి చూసినట్టు కళ్ళు మూసుకుని చూశాను. ఈ వేడి దేనికి పనికొస్తుంది? పల్చటి పట్టుకి కూడా చాలదు. అయినా ఉంది. గడ్డం మాసి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. బ్లేడు నా వేళ్ళలో నిలవక చెవి కోసుకున్నప్పటి నుంచీ నాకు గడ్డం గీసేది ఆవిడే. నిన్న పొద్దున గియ్యాల్సింది, నీళ్ళు కాచింది కూడా. గడ్డం గుచ్చుకుంటుందేమోనని మొహం కొంచెం పక్కకి తిప్పబోయాను. అప్పుడే ఆవిడ చిటికెన వేలు కదిలింది. నా గడ్డం మీద ఎదురు దిశలో ఒక్కసారి గీరింది, ఎంత మాసిందో చూస్తున్నట్టు, ఇలా వదిలేశావేమిటయ్యా అన్నట్టు. ఒక్కసారే. తర్వాత ఆగిపోయింది. నేను నర్సుని పిలవలేదు. ఇది వాళ్ళ లెక్కలోకి రాదు.

అమ్మాయి వచ్చింది. సంచి భుజాన అలాగే ఉంది, జుట్టు నిండా రైలు దుమ్ము. గుమ్మంలోంచే అడిగింది, "నాన్నా, అమ్మకి తెలివొచ్చిందా? ఏమైనా అందా?" చెప్పాను. అమ్మ నా గడ్డం గీరిందని చెప్పాను, ఎలా గీరిందో వేలు పెట్టి చూపించాను. అమ్మాయి నవ్వబోయి, మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయింది. చాలాసేపటికి లేచి, ఆ చెయ్యి తీసుకుని తన బుగ్గకి పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, వంగి, నా చెప్పులు విప్పి లోపల చూసింది. ఎవరూ చెప్పలేదు చూడమని. ఆవిడ ఆ రాత్రి గడవకుండానే వెళ్ళిపోయింది.

ఇప్పుడు మీకు చెప్పేస్తాను. ఇందులో నిప్పు కణిక నిజం, గుండీలు నిజం, డాక్టరు నా వేళ్ళు మడవడం నిజం, బుగ్గకి ఆవిడ చెయ్యి తెలియడం అన్నిటికంటే నిజం. వేలు కదలడం నేను కల్పించింది. అమ్మాయి కోసం కల్పించాను, చెప్పగా చెప్పగా నాకూ అలవాటైంది. ఆవిడ వేలు కదల్లేదు. గడ్డం మాత్రం నిజంగానే మాసి ఉంది.